సుమన చెప్పిన సాక్ష్యం

రైలు కాజీపేట దాటి పెండ్యాల ఇంకా రాకముందే యోసేపుకు తన భార్య గొంతు వినిపించింది. వానలు మొదలైన రోజుల్లో ఆమెను భూపాలపల్లి సమాధుల తోటలో పెట్టి వచ్చాడు. ఇప్పుడు కిటికీ బయట పత్తి ఏరుతున్నారు. మొదట ఆ గొంతు తన లోపలి నుంచే వచ్చిందనుకున్నాడు, ఎందుకంటే ఈ నెలల్లో అలాంటివి జరుగుతూనే ఉన్నాయి, గనిలో షిఫ్టు ముగించుకొచ్చి క్వార్టరు తాళం తీస్తుంటే లోపల గిన్నె కదిలినట్టు, ఎవరో దగ్గినట్టు, చెప్పులు బయటే విడువమన్నట్టు. కానీ ఇది దగ్గు కాదు, గిన్నె కాదు. "దేవునికి స్తోత్రము. నా పేరు సుమన. నేను భూపాలపల్లి నుండి వచ్చియున్నాను" అంటోంది ఆ గొంతు, సన్నగా, చివర కాస్త బొంగురుగా, చక్రాల చప్పుడులో సగం మునుగుతూ, మళ్లీ తేలుతూ. ఎదుటి బల్ల మీద కూర్చున్న ఆడమనిషి చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో సుమన ఉంది. యోసేపు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. చువ్వ ఎండకు వేడెక్కి ఉంది. చెయ్యి కాలుతోందని తెలుస్తూనే ఉంది, తీయాలని మాత్రం తోచలేదు.

ఆ వీడియో అతనికి కొత్త కాదు. దాన్ని తీసేయమని అడగడానికే ఈ రైలెక్కాడు. జనగామ అవతల రోడ్డు పక్కన పెద్ద రేకుల హాలు కట్టుకుని, ప్రతి శుక్రవారం స్వస్థత కూటం పెట్టి, ఆ కూటాన్ని ఫోన్లలో ఊరూరికీ చేర్చే ఒక బోధకుడున్నాడు. అందరూ ఆయన్ని బ్రదర్ అంటారు. ఆయన పక్కన నిలబడి, ఇరవై ఏళ్లుగా ఉన్న షుగరు జబ్బు ఒక్క ప్రార్థనతో పోయిందని, సూదులు మానేశానని సుమన మైకులో సాక్ష్యం చెప్పింది. చెప్పిన తర్వాత రెండో ఆదివారం ఆమె చూడలేదు. మనిషి పోయింది, వీడియో మాత్రం పోలేదు. లక్షల మంది చూశారని గనిలో ఎవరో అన్నారు. అభినందిస్తున్నాడో ఓదారుస్తున్నాడో ఆ చెప్పినవాడికే తెలియలేదు పాపం, నోరు సగం తెరిచి ఆగిపోయాడు. యోసేపు రెండుసార్లు ఛానల్ వాళ్లకు ఫోన్ చేశాడు. రెండుసార్లూ ఒక కుర్రగొంతు ఎంతో మర్యాదగా మాట్లాడింది. మీ భార్యగారు ఇప్పుడు ప్రభువు దగ్గర ఏ జబ్బూ లేకుండా ఉన్నారు కదండీ, అప్పుడు ఆమె చెప్పిన సాక్ష్యం అబద్ధం ఎలా అవుతుందండీ అంది. అతను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాడు, అవతల పెట్టేసిన తర్వాత కూడా.

ఎదుటామె అతను చూడటం చూసింది. మనిషి నలభై లోపే ఉంటుంది, చేతులకు పాత వెండి కడియాలు, నుదుట చెమట. పక్కన కిటికీకి తల ఆనించి ఒక అమ్మాయి, ఇంటర్ చదివే వయసు, ఒళ్లో నీళ్ల సీసా. వాళ్లిద్దరూ తమలో తాము లంబాడీ మాట్లాడుకుంటున్నారు. తన పేరు రుక్కి అని, మానుకోట అవతలి తండా తమదని, కూతురు ప్రియను తీసుకుని జనగామ కూటానికి పోతున్నానని ఆమే చెప్పింది. మహబూబాబాద్‌ను ఆ దిక్కువాళ్లంతా మానుకోట అనే అంటారు. చెప్పి, ఫోన్‌ను అతని వైపు తిప్పింది, మంచి వార్తను ఒంటరిగా దాచుకోలేని మనిషిలా.

"సూసినవా అన్న, ఇరవై ఏండ్లు సూదులేసుకున్నదట గీ అక్క. ఒక్క ప్రార్థనతోని పోయిందట. మా బిడ్డకు గదే బీమారి."

అప్పుడే చెప్పాల్సింది. ఆ మాట తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ అతని నోట్లోంచి వచ్చింది వేరే మాట. "మల్లొకసారి పెట్టు చెల్లె" అన్నాడు.

రుక్కి సంతోషంగా మళ్లీ పెట్టింది. లేతనీలం చీర, అంచున మల్లెమొగ్గలు, ఆదివారాలకే తీసే చీర. సుమన మైకును రెండు చేతులతో పట్టుకుంది, అలా పట్టుకుంటే గాని పడిపోతుందన్నట్టు. మాట్లాడేది సుమనే, మాటలు మాత్రం ఆమెవి కావు. మానివేసియున్నాను, పొందుకొనియున్నాను, సాక్ష్యమిచ్చుచున్నాను అంటోంది. ఇంట్లో ఆమె ఎన్నడూ అలా మాట్లాడలేదు. ఇంట్లో అయితే గిప్పుడా వచ్చేది, అన్నం సల్లగయింది, నీ మొకానికి బొగ్గు అంటనే ఉన్నది అనేది. బ్రదర్ పక్కన నిలబడితే తన భాష తనకే తక్కువగా తోచిందో ఏమో, ఆయన తీరులోనే మాట్లాడాలని తిప్పలు పడుతోంది, మాటమాటకూ ఆయన మొహంలోకి చూస్తోంది, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలాగా. ఇంకేమైనా చెబుతారా సిస్టర్ అని ఆయన అడిగితే మాత్రం తట్టుకోలేక, "ఇగ గంతే అన్న" అనేసి, అన్నందుకు సిగ్గుపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఒక్క ముక్క. ఆ నవ్వు. యోసేపు వినాలనుకున్నది అంతే. పెళ్లిళ్లలో తీసిన వీడియోల్లో ఆమె ఉంది గాని, మీద పాటలేసి గొంతులు తీసేశారు. ఫోటోలున్నాయి, చాలానే ఉన్నాయి. గొంతు మాత్రం భూమ్మీద ఇక్కడొక్కచోటే ఉంది. తోడుగా వస్తానని ఐలేశ్ పాస్టర్ అడిగితే వద్దని ఒంటరిగా బయలుదేరడానికి కారణం కూడా అదే. తీసేయమని తాను నిజంగా అడగగలడో లేదో తనకే నమ్మకం లేదు. అడగలేక వెనక్కి వస్తే ఇంకొకరు చూడకూడదనుకున్నాడు.

ఐలేశ్ వాళ్ల సంఘానికి పాస్టరు. క్వార్టర్ల వెనక చిన్న గుడి, ఫ్యాను తిరిగితే మైకులో గరగరమంటుంది. ఆయన ప్రసంగంలో ఉరుములు మెరుపులు ఉండవు. సుమన వంటింట్లో ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకునే ఫోన్‌లో మాత్రం అన్నీ ఉండేవి. మొదట్లో పాటలు. యోసేపుకు రాత్రి షిఫ్టు పడితే ఆమె ఒక్కతే ఉండేది, పిల్లలు లేరు, రెండుసార్లు కడుపు నిలిచి రెండుసార్లూ పోయింది, షుగరు వల్లనే అన్నారు డాక్టర్లు. నిశ్శబ్దంగా ఉండే ఆ రెండు గదుల్లో ఫోన్ పాడుతుంటే మంచిదే అనుకున్నాడు. నిజంగా మంచిదే. వాక్యం చదివి వినిపించేవాళ్లు ఉండేవారు, కూరలో కారం వేస్తూ వింటూ ఆమె ఎన్ని అధ్యాయాలు కంఠతా పట్టిందో, ఆదివారం ఐలేశ్ ఒక మాట మరిచిపోతే స్త్రీల వైపు నుంచి మెల్లగా అందించేది. ఆ పాటల తర్వాత, ఆ వాక్యం తర్వాత, ఎవరూ పిలవకుండానే బ్రదర్ వచ్చాడు. ఒక వీడియో అయిపోతే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది కదా, అలా వచ్చాడు. ఎంత మంచిగ మాట్లాడుతడో అనేది సుమన. నిజమే, తేనె పోసినట్టు మాట్లాడతాడు. కన్నీళ్లు పెట్టుకుంటాడు. నువ్వు, వంటింట్లో నిలబడి వింటున్న నా చెల్లీ, నీతోనే చెబుతున్నాను అంటాడు. వంటింట్లో నిలబడి వింటున్నది తానొక్కతే అనుకుంది ఆమె.

ఐలేశ్ ఒక సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు ఆ ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన కోపపడలేదు. టీ తాగుతూ కాసేపు తనూ విన్నాడు. తర్వాత అన్నాడు, "మా బాపు గొర్లను కాసేటోడు సుమనమ్మా. కాపరి గొంతును గొర్రె గుర్తుపడ్తదని గుడిల చెప్పుకుంటం గని, ఎందుకు గుర్తుపడ్తదో మా బాపు చెప్పిండు. ముల్లు ఇరిగినప్పుడు గా గొంతే దగ్గరికొచ్చి ముల్లు తీసింది గనుక. ఈనకు నీ పేరు ఎరుకనా? రేపు నువ్వు మంచాన పడితే వస్తడా? ఇంకోటి యాదుంచుకో, నీ ఇంటోళ్లకు దాచమని చెప్పే మాట ఎంత తియ్యగున్నా గది దేవుని మాట కాదు." సుమన తల ఊపింది. ఆయన వెళ్లిన తర్వాత, పాస్టరుకు గిట్టదు, గింత మంది ఆయన మాట వినరు కద అంది. యోసేపు అన్నం తిని పడుకున్నాడు. అలసిపోయి ఉన్నాడు. గనిలో పనిచేసే చోట ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తారు, గట్టి కప్పు ఒక తీరుగా మోగుతుంది, వదులుగా ఉన్నది డొల్లగా పలుకుతుంది, ఆ డొల్ల చప్పుడు వింటే ఎంత మొనగాడైనా వెనక్కి అడుగేస్తాడు. బ్రతుకంతా కప్పులు తట్టి చూసినవాడికి తన వంటింట్లో రోజూ పలికే గొంతును ఒక్కసారైనా తట్టి చూడాలని తోచలేదు. భక్తి మాటలకు తట్టి చూడటం ఏమిటి అనుకున్నాడు. భక్తి మాటలకే అది ఎక్కువ అవసరమని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే వాటి కింద మనిషి తల మీద టోపీ కూడా లేకుండా నిలబడతాడు.

పెండ్యాలలో రైలు ఆగింది, ఎవరో గంపలు ఎక్కించారు, మళ్లీ కదిలింది. అమ్మాయి సీసా ఎత్తి నీళ్లు తాగింది. తాగి, మూత పెట్టి, కాసేపటికే మళ్లీ మూత తీసింది. రుక్కి చెబుతూనే ఉంది, మొగుడు మోతీ హైదరాబాదులో బిల్డింగు పనిలో ఉన్నాడని, పిల్లకు చిన్నప్పటి నుంచీ సూదులేనని, పొట్ట మీద, తొడల మీద గుచ్చీ గుచ్చీ చర్మం గట్టిపడిపోయిందని, రేపు పెళ్లి ఎట్లయితదని. యోసేపు వింటున్నాడు, వినడం లేదు. సుమన పొట్ట గుర్తొచ్చింది అతనికి, బొడ్డుకు అటూ ఇటూ గట్టిపడిన ఆ చోట్లు, చీకట్లో చెయ్యి తగిలితే ఆమె చెయ్యి పక్కకు జరిపేది. కూటానికి వెళ్లొచ్చిన రోజు ఆమె సేమ్యా పాయసం చేసింది. వాడకట్టు ఆడవాళ్లతో జనగామ పోయొచ్చానని చెప్పింది గాని మిగతాది చెప్పలేదు. ఇయ్యాల ఏం పండుగ అంటే నవ్వింది. తనూ ఒక గిన్నెలో పోసుకుని తిన్నది. తినేటప్పుడు కళ్లు మూసుకుంది. అతను చూశాడు. ఎప్పుడూ లేనిది అంత సంతోషంగా ఉంటే అడ్డుపడ బుద్ధి కాలేదు. రోజూలాగే సూది ఏసుకున్నవా అని అడిగాడు, ఆమె తల ఊపింది, ఆ తరువాత రోజూ తల ఊపింది. సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే తలుపులో మందు సీసా నిండుగా అలాగే ఉంది, చింతకాయ తొక్కు పక్కన. ఆ తల ఊపిన రోజులన్నీ అక్కడ చల్లగా నిలబడి ఉన్నాయి.

అన్నిటికంటే రాత్రులు నిద్రపోనివ్వనిది ఒకటుంది. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించి ఒకటి ఉందని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. సుమన చెప్పింది జరగనిది. జరిగిందని చెప్పింది, దేవుని పేరు మీద, అంత మంది ముందు. అది ఆమె లెక్కలో పడిందా? ఆ అబద్ధం నోట ఉండగానే ఆమె వెళ్లిపోయిందా? ఎవరిని అడగాలో తెలియక ఐలేశ్‌ను కూడా అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పి ఊరడిస్తాడు. ఊరడింపు అక్కర్లేదు యోసేపుకు. ఆమె చివరిగా తనతో అన్న మాట, నీ తెల్లంగి ఇస్త్రీ చేసి పెట్టిన, రేపు ఐతారం కద అన్నది. ఆ రాత్రి నుంచి దాహం దాహమని, వాంతులని, ఊపిరి పైపైన తీస్తూ, హన్మకొండ దవాఖానకు చేరేసరికి పిలిస్తే పలకలేదు. దారి పొడుగునా అంబులెన్సులో ఆమె నోటి దగ్గర వంగి కూర్చున్నాడు. మగ్గిపోయిన పండు వాసన. సూది ఆగితే ఊపిరికి పట్టే వాసన అదని అప్పుడు తెలియదు, తర్వాత డాక్టర్లు చెప్పారు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు చాలాసేపు నిలబడింది. అమ్మాయి లేచి బాత్రూం వైపు నడిచింది, బల్లలు పట్టుకుంటూ. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. రుక్కి వెనకే వెళ్లి భుజం పట్టుకుని తీసుకొచ్చింది, పొద్దటి నుంచి ఏం తినలే, అందుకే అంది. వాళ్లిద్దరూ అతని మోకాళ్ల పక్క నుంచి తమ బల్ల మీదికి జరిగారు, అమ్మాయి ఒక్క క్షణం అతని భుజం ఆనుకుని నిలబడింది, ఆమె ఊపిరి అతని మొహానికి తగిలింది. మగ్గిన పండు. కిటికీ బయట ప్లాట్‌ఫారం మీద ఎవరో అరటిపళ్లు అమ్ముతున్నారు, ఆ గంప వాసనేమోనని యోసేపు అటు చూశాడు, కాదని తెలిసినా చూశాడు. అమ్మాయి పెదవులు ఎండి తెల్లగా పొట్టు లేచాయి. కళ్లు మూసుకుని పరుగెత్తివచ్చిన దానిలా ఊపిరి తీస్తోంది, కూర్చున్న చోటే.

ఎన్నడు ఆపినవ్ చెల్లె సూదులు అని అడిగాడు. మంగళవారం నుంచి అంది రుక్కి, గొంతులో కొంచెం గర్వం, ఉపవాసం కూడా పెట్టించినం. మోతీకి చెప్పినవా అంటే లేదంది. డాక్టరుకు? లేదు. శంక పడేటోళ్లకు చెబితే వచ్చే స్వస్థత ఆగిపోతదని బ్రదరు చెప్పిండట. ఐలేశ్ టీ గ్లాసు పట్టుకుని అన్న మాట రైలు చప్పుడు మధ్యలో ఎక్కడి నుంచో లేచి వచ్చి యోసేపు ఎదుట నిలబడింది. పిల్లను దవాఖానకు తీసుకుపో అని చెప్పి చూశాడు. రుక్కి మొహం మూసుకుపోయింది. అన్నా నువ్వు కూడ గట్లనే అంటవా, ఫోన్‌ల గీ అక్కను చూసినంక కూడ అంది. అవును, చూసిన తర్వాత కూడా. ఇక మిగిలింది ఒక్కటే మాట. ఆ మాట అంటే ఫోన్‌లోని సుమన కూడా చనిపోతుంది. ఇప్పటిదాకా ఈ బోగీలో, ఈ తల్లీకూతుళ్లకు ఆమె బతికే ఉంది, ఆరోగ్యంగా, నీలం చీరలో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. భూమ్మీద ఆమె బతికున్న ఆఖరి చోటు ఇది. రైలు కదిలింది. యోసేపు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"గామె నా భార్య చెల్లె" అన్నాడు. "సచ్చిపోయింది. సూదులు ఆపినందుకే సచ్చిపోయింది."

రుక్కి కోపపడలేదు. వెనక్కి జరిగి కూర్చుంది, కూతురి చుట్టూ చెయ్యి వేసింది. తొవ్వలో అడ్డం వచ్చేవాళ్లు ఉంటారని, రకరకాల కథలు చెబుతారని, అలాంటివాళ్ల మొహం చూడవద్దని బ్రదరు ముందే హెచ్చరించాడని, కిటికీ బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. యోసేపు తన ఫోన్ తీశాడు. సుమన ఫోటోలు చూపించాడు, క్వార్టరు ముందు, గుడి ముందు. ఫోటోలదేముంది అన్నట్టు ఆమె తల తిప్పుకుంది. అతని దగ్గర ఇంకొక ఫోటో ఉంది. సమాధి కార్యక్రమం నాడు తీసి ఎవరో పంపించారు, వచ్చిందని తెలుసు, తెరవలేదు, తీసేయనూ లేదు. ఇప్పుడు తెరిచాడు. తను చూడకుండా చూపించడం ఎలాగో తెలియలేదు. పెట్టెలో సుమన. నీలం చీర, అంచున మల్లెమొగ్గలు. ఉన్నవాటిలో మంచి చీర అదేనని వాడకట్టు ఆడవాళ్లు కట్టారు. ముక్కుల్లో దూది. తల దగ్గర తెల్లంగి వేసుకుని నిలబడ్డ మనిషి ఎవరా అని ఒక్క నిమిషం తెలియలేదు యోసేపుకు. తనే.

రుక్కి ఒక చేతిలో ఆ ఫోన్, ఒక చేతిలో తన ఫోన్ పట్టుకుని చూసింది. ఒక చీర మీది మొగ్గల నుంచి ఇంకో చీర మీది మొగ్గలకు ఆమె కళ్లు పోయి రావడం అతనికి కనిపిస్తోంది. అమ్మాయి కళ్లు తెరిచి, తల్లి చేతుల్లోకి వంగి ఆ పెట్టెను చూసింది, చాలాసేపు చూసింది. "యాడీ" అని తల్లిని పిలిచి, తన భాషలో ఏదో మెల్లగా అడిగింది. తల్లి ఆ రెండు ఫోన్ల మీంచి కళ్లు తీయలేదు. అప్పుడు అమ్మాయి యోసేపు వైపు తిరిగింది.

"అంకుల్, నాకు ఊపిరి ఆడ్తలేదు. నాకు చావాలని లేదు" అంది.

రఘునాథపల్లి దాటిందో, రాలేదో. యోసేపుకు గుర్తున్నది తన పెదవులు కదులుతున్నాయని మాత్రమే, ప్రార్థన అనడానికి మాటలు లేవు, తొందరగా, జర తొందరగా అన్న ఒక్క మాటే అటూ ఇటూ కొట్టుకుంటోంది, రైలునో దేవుణ్నో తెలియకుండా. జనగామలో దిగేసరికి స్టేషన్ బయట కూటం వాళ్ల వ్యాన్లు వరుసగా ఉన్నాయి, తెల్ల చొక్కాల కుర్రాళ్లు ఎంతో ప్రేమగా ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నారు. వాళ్లను చూస్తే కోపం రావాలి. రాలేదు. ఆ రోజు సుమనను కూడా ఇలాగే చెయ్యి పట్టుకుని ఎక్కించి ఉంటారు, కాళ్లు నొప్పులంటే ముందు సీట్లో కూర్చోబెట్టి ఉంటారు. వాళ్లు కూడా ఫోన్‌లో విని నమ్మి వచ్చినవాళ్లే కావచ్చు. అతను ఆటో పిలిచి, అమ్మాయిని ఎత్తి కూర్చోబెట్టి, సర్కారు దవాఖాన అని చెప్పాడు. రుక్కి వ్యాను తలుపుకూ ఆటోకూ మధ్య నిలబడిపోయింది. ఒక కుర్రాడు రండమ్మా అని పిలుస్తున్నాడు. ఆమె మొహంలో జరిగింది చూడలేక యోసేపు తల దించుకున్నాడు. ఒక తల్లి ఇన్ని నెలలుగా పెంచుకున్న ఆశను రోడ్డు మీద దించి పోవడం అది. ఆటో కుదిపింది. ఆమె ఎక్కి కూర్చుంది.

దవాఖానలో సెలైన్ పెట్టారు, సూది ఇచ్చారు, రక్తం తీసుకుపోయారు. ఇంకొంత ఆలస్యమైతే చేతికి దక్కేది కాదని డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది, ఇప్పుడు భయం లేదంది, తిట్టలేదు. ఆ తిట్టకపోవడానికే రుక్కి ఏడ్చింది. వరండాలో గోడకు ఆనుకుని ఇద్దరూ కింద కూర్చున్నారు. ఊపిరి పీల్చే తీరు మెల్లగా మామూలుకు వస్తున్న అమ్మాయి తలుపు సందులోంచి కనిపిస్తోంది. సుమనకు కూడా ఇవే సీసాలు, ఇవే గొట్టాలు. అన్నీ అవే, ఒక్క ఆలస్యమే తేడా. సంతోషించాలి గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. సంతోషం ఉంది. దాని కిందనే, సుమన పక్కన ఆ రోజు రైల్లో ఇలాంటివాడొకడు ఎందుకు కూర్చోలేదన్న మాట కూడా ఉంది. అది దేవుణ్ని అడిగే మాట, ఇప్పుడే అడగలేడు.

రుక్కి కళ్లు తుడుచుకుని చెప్పింది. ఆ వీడియో తమ తండా గ్రూపులో వచ్చిందట. తను దాన్ని ఇంకొన్ని తండాలకు పంపిందట, గా తండాలల్ల గీ బీమారి పిల్లలు ఎందరున్నరో అంది. చెప్పి, ఫోన్ తీసి అతని ముందు పట్టుకుంది. నువ్వు చెప్పన్నా, నేను వీడియో తీసి వాళ్లందరికీ పంపిస్త అంది. యోసేపు వద్దన్నాడు. తను నోరు తెరిస్తే అందరూ సుమనను అబద్ధాలకోరు అంటారు. లక్షల మంది. ఆ మాట రుక్కికి చెప్పాడు కూడా, ఎవరికీ చెప్పుకోనిది, తండా నుంచి వచ్చిన, పొద్దటిదాకా పేరు కూడా తెలియని మనిషికి. రుక్కి ఆశ్చర్యంగా చూసింది. నా బిడ్డ గూడ నయమైందనే చెప్పింది అన్న, నిన్న పొద్దున తండాల అందరికి నేనే చెప్పిన, నేను అబద్ధమాడిన్నా అని అడిగింది. లేదు చెల్లె అన్నాడు. అన్నాక, ఆ మాట సుమనకు కూడా చెల్లుతుందని తెలిసింది. సరే అన్నాడు.

"నా పేరు యోసేపు. మాది భూపాలపల్లి. గా వీడియోల ఉన్నది నా భార్య సుమన. గామె అబద్ధం చెప్పలే. నమ్మి చెప్పింది. చెప్పిన తర్వాత కొన్ని దినాలకే సచ్చిపోయింది. మీరు ప్రార్థన చెయ్యండ్రి, నేను గూడ చేస్త. సూదులు మాత్రం ఆపకుండ్రి. ఎవరన్న ఇంట్ల చెప్పొద్దని చెప్తే, గప్పుడే ఇంట్ల చెప్పుండ్రి."

రుక్కి పంపించింది. కొంతసేపటికి ఫోన్ మోగడం మొదలైంది. ఆమెకు చదువు రాదు, ఏమంటున్నరో సదువన్నా అని అతనికిచ్చింది. మొదటి మాట చదివి యోసేపు ఆగాడు. ఈ ముసలోనికి ఎవరో పైసలిచ్చి చెప్పించిండ్రు అని రాసి ఉంది. ఉన్నదున్నట్టే చదివి వినిపించాడు. రుక్కి తర్వాతది పెట్టమంది. రెండోది గొంతు, రాత కాదు. ఒక ఆడమనిషి లంబాడీలో ఏదో అడుగుతోంది, గాబరాగా, వెనక ఒక పసిపిల్ల ఏడుపు. రుక్కి ఫోన్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకుని జవాబు చెప్పసాగింది. చాలాసేపు చెప్పింది, ఒక చెయ్యి ఊపుతూ, ఒకసారి తలుపు వైపు చూపిస్తూ, ఒకసారి అతని వైపు చూపిస్తూ. యోసేపుకు ఆ భాష రాదు. ఆ పొడవాటి మాటల మధ్యలో ఒకచోట సుమన అన్న పేరు వినిపించింది. ఇంకాసేపటికి మళ్లీ వినిపించింది. అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు.